తీర్పు వెలువడిన మరునాడు: న్యాయస్థాన కథలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నేరకథల రకాలను ప్రస్తావిస్తూ, న్యాయస్థానంలో నడిచే కథలను రెండు వాక్యాల్లో దాటేసినందుకు పాఠకులు నన్ను గట్టిగానే నిలదీశారు. వచ్చిన ఉత్తరాల్లో ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి, పొగడ్తలనూ తిట్లనూ తీసివేసి, ఏడు ప్రశ్నలుగా కుదించి ఇక్కడ ఇస్తున్నాను. తిట్లలో కొన్ని చాలా బాగున్నాయి, వాటిని దాచుకున్నాను.

ప్రశ్న: న్యాయస్థాన కథలో ఒకే గది ఉంటుంది, మాటలు తప్ప మరేమీ జరగవు, నేరం ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. అయినా చివరి పేజీ దాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. కారణం ఏమిటి?

జవాబు: అపరాధ పరిశోధక కథలో పాఠకుడిని పట్టి ఉంచే ప్రశ్న ‘ఎవరు చేశారు’ అన్నది. న్యాయస్థాన కథలో ఆ ప్రశ్న పక్కకు జరిగి, ‘చేశారని ఎలా చూపగలరు’ అన్నది ముందుకు వస్తుంది. అవే వేలిముద్రలు, అదే ఉత్తరం, అదే రాత్రి; వాటితోనే ప్రాసిక్యూషన్ ఒక కథ అల్లుతుంది, డిఫెన్స్ మరొక కథ అల్లుతుంది, ఆ రెంటిలో ఏది నమ్మాలో తేల్చుకోవలసిన పని పాఠకుడి మీద పడుతుంది. చదివేవాడికి ఇంత బాధ్యత అప్పగించే కథారూపం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ రూపం ఎంత పాతదో గుర్తు చేసుకుంటే ఒక విశేషం కనిపిస్తుంది. క్రీ.పూ. 458లో ఏథెన్స్‌లో ప్రదర్శించిన ఎస్కిలస్ నాటకత్రయంలో చివరిదైన ‘యుమెనిడీస్’ ఒక హత్య కేసు విచారణ. తండ్రిని చంపిన తల్లిని చంపిన ఒరెస్తీస్ ముద్దాయి, పగ తీర్చే దేవతలు అభియోగం మోపేవారు, అపోలో ముద్దాయి పక్షాన నిలిచేవాడు, తీర్పు చెప్పవలసినవారు నగర పౌరులు. ఓట్లు చెరిసగం కావడంతో, ఎథీనా దేవత ముందే పెట్టిన నియమం ప్రకారం ముద్దాయి విడుదలవుతాడు. ఈ కాలపు రచయిత అయితే అక్కడ తెర దించేవాడు. ఎస్కిలస్ దించలేదు. వెయ్యి పైచిలుకు పంక్తులున్న ఆ నాటకంలో, విడుదలైన ఒరెస్తీస్ రంగం విడిచి వెళ్ళిపోయాక ఇంకా దాదాపు నాలుగో వంతు మిగిలి ఉంటుంది. ఓడిపోయి, అవమానంతో రగిలిపోతూ, నేలను బీడు చేస్తామని శపిస్తున్న ఆ పగ దేవతలను ఏం చేయాలన్నదే ఆ భాగమంతా. ఎథీనా వారిని బతిమాలుతుంది, బెదిరిస్తుంది, చివరికి నగరంలోనే వారికొక నివాసమూ గౌరవమూ ఇచ్చి శాంతింపజేస్తుంది. తరువాతి వాళ్ళలో చాలామంది ఆ నాటకంలోని మొదటి మూడు వంతులనే నేర్చుకుని, నాలుగోదాన్ని వదిలేశారు. ఈ నెల శీర్షికలో నా ఫిర్యాదు కూడా అదే.

ప్రశ్న: న్యాయవాది ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే సాక్షి చెమటలు పట్టి, బోనులోనే నేరం ఒప్పేసుకుంటాడు. ఇలా నిజంగా జరుగుతుందా?

జవాబు: ఎక్కడా ఎన్నడూ జరగలేదని అనను గాని, దాన్ని ఆశించి క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచే న్యాయవాది ఉండడు. పాతతరం వారు అడ్డసవాళ్ళు అని పిలిచిన ఈ ప్రక్రియ లక్ష్యం చాలా చిన్నది: సాక్షి చెప్పినదాంట్లో ఒక్కచోట పట్టు సడలేలా చేయడం, తీర్పు చెప్పేవారి మనసులో ఒక సందేహాన్ని నాటి కూర్చోవడం. జవాబు తెలియని ప్రశ్న వేయవద్దని ఆ వృత్తిలోకి వచ్చేవారికి మొదటి రోజుల్లోనే చెబుతారు.

అబ్రహాం లింకన్ అమెరికా అధ్యక్షుడు కాకముందు, 1858లో ఇలినాయ్‌లో ఒక హత్య కేసు వాదించాడు. ముద్దాయి అతని పాత స్నేహితుడి కొడుకు. రాత్రి పదకొండు గంటల వేళ, నూటయాభై అడుగుల దూరం నుంచి, వెన్నెల వెలుగులో ముద్దాయి దెబ్బ కొట్టడం తాను చూశానని ప్రధాన సాక్షి చెప్పాడు. లింకన్ అతనితో వాదానికి దిగకుండా, దూరమెంత, వెలుగెంత, చంద్రుడు ఎక్కడున్నాడు అని అడిగి అదే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పించి, ఆ తరువాత ఆ ఏటి పంచాంగం తెప్పించి చూపించాడు. ఆ వేళకు చంద్రుడు అస్తమించబోతూ బాగా కిందికి దిగి ఉన్నాడు. సాక్షి ఏడవలేదు, ఏమీ ఒప్పుకోలేదు. అతని మాట విలువ మాత్రం పోయింది, ముద్దాయి విడుదలయ్యాడు.

మాట జారడం వల్ల మనిషే కూలిపోయిన సందర్భం కావాలంటే నాటక రచయిత ఆస్కార్ వైల్డ్‌ను తలచుకోవాలి. 1895 ఏప్రిల్‌లో లండన్‌లో జరిగిన ఆ విచారణలో వైల్డ్ ముద్దాయి కాదు, పరువునష్టం కేసు వేసిన ఫిర్యాదీ. అవతలి పక్షం న్యాయవాది ఎడ్వర్డ్ కార్సన్ అతనికి డబ్లిన్‌లో కాలేజీ రోజుల నుంచి తెలిసినవాడే. ప్రతి ప్రశ్నకూ చమత్కారంతో జవాబిస్తూ సభను నవ్విస్తున్న వైల్డ్, ఫలానా కుర్రవాణ్ణి ముద్దు పెట్టుకున్నారా అని అడిగినప్పుడు కూడా అదే ధోరణిలో, లేదు, అతను అంత అందగాడు కాదు అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. కార్సన్ ఇక దాన్ని వదలలేదు. అందం ప్రసక్తి ఎందుకు తెచ్చారు, అదేనా కారణం అని గుచ్చి గుచ్చి అడిగాడు, వైల్డ్ మొదటిసారిగా తడబడ్డాడు. రెండు రోజుల్లో కేసు ఉపసంహరించుకోవలసి వచ్చింది, అదే రోజు సాయంత్రం అతనే అరెస్టయ్యాడు. పురుషుల మధ్య ప్రేమను నేరంగా చూసిన నాటి చట్టం కింద మే 25న రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. 1897లో విడుదలై, ఆ దేశం విడిచి వెళ్ళి, 1900లో పారిస్‌లో చనిపోయాడు.

ఈ రెండు సందర్భాల్లోనూ అరుపులు లేవన్నది గమనించండి.

ప్రశ్న: నేను మొదటిసారి న్యాయస్థాన కథ రాస్తున్నాను. చేయకూడని తప్పులు చెప్పగలరా?

జవాబు: జడ్జి చేతిలో సుత్తి పెట్టేముందు కథ ఏ దేశంలో జరుగుతోందో చూసుకోండి. అమెరికాలో దాని వాడకం ఉంది, ఇంగ్లండ్ న్యాయమూర్తులు సుత్తి వాడరు. ఎవరూ ఊహించని సాక్షి చివరి నిమిషంలో తలుపు తోసుకుని రావడం కూడా వద్దు. సాక్షుల జాబితా, దస్తావేజులు ముందుగానే అవతలి పక్షానికి అందించాలన్న నియమం చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో ఉంది. క్రాస్‌లో న్యాయవాది ఉపన్యాసాలు ఇవ్వడు, అతని వాదన చివర్లో వస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద తప్పు, తీర్పు చెప్పేది ఎవరన్నది రచయిత మరచిపోవడం. ఇంగ్లండ్‌లో హత్య కేసు వాదించేవాడు పన్నెండు మంది మామూలు మనుషులతో మాట్లాడుతున్నాడు, స్కాట్లండ్‌లో అయితే చాలా కాలంగా పదిహేను మందితో. జ్యూరీ లేని చోట అతను వింటున్నది చట్టం చదువుకున్న ఒక్క మనిషి. ఫ్రాన్స్ వంటి దేశాల్లో సాక్షిని ప్రశ్నించే భారం ప్రధానంగా న్యాయమూర్తిదే. వినేవారు మారితే వాదన స్వరమే మారిపోవాలి. 1959 నాటి నానావతి కేసు ఇందుకు చక్కని ఉదాహరణ. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన ఆ నావికాదళ అధికారి నిర్దోషి అని బొంబాయిలో జ్యూరీ 8–1 తేడాతో చెప్పింది; ఆ నిర్ణయంతో ఏకీభవించని సెషన్స్ జడ్జి కేసును హైకోర్టుకు పంపగా, అక్కడి న్యాయమూర్తులు అదే సాక్ష్యాన్ని చదివి యావజ్జీవ శిక్ష వేశారు, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సాక్ష్యం మారలేదు, విన్నవారు మారారు.

ప్రశ్న: నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా కథలో అందరూ ఆ మనిషిని అనుమానంగానే చూస్తుంటారు. ఇది రచయితల అతిశయోక్తి కాదా?

జవాబు: కాదు. ‘నేరం చేయలేదు’ అనడానికీ, ‘చేసినట్టు రుజువు కాలేదు’ అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని చట్టం పట్టించుకోదు, ఇరుగుపొరుగు మాత్రం తప్పక పట్టించుకుంటారు. స్కాట్లండ్ చట్టం చాలా కాలం పాటు ఈ దూరానికి ఒక పేరే పెట్టి ఉంచింది: దోషి, నిర్దోషి అన్న రెండు తీర్పులతో పాటు ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు అక్కడ ఉండేది. 1857లో, పాత ప్రియుడికి ఆర్సెనిక్ పెట్టి చంపిందన్న అభియోగం మీద మేడలిన్ స్మిత్ అనే యువతిని విచారించినప్పుడు హత్యారోపణకు వచ్చినది ఆ మూడో తీర్పే. ఆమె ఊరు వదిలింది, లండన్ చేరి పెళ్ళి చేసుకుంది, తరువాత అమెరికా వెళ్ళి, 1928 దాకా బతికింది. ఆ తీర్పు తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా.

ఆమె పక్కన లిజీ బోర్డెన్‌ను నిలబెట్టి చూడండి. 1892 ఆగస్టులో అమెరికాలోని ఫాల్ రివర్ పట్టణంలో ఒక ఇంట్లో భార్యాభర్తలు గొడ్డలి వంటి ఆయుధంతో హత్యకు గురయ్యారు. ఆ పెద్దమనిషి చిన్న కూతురు లిజీ ముద్దాయి, చనిపోయిన స్త్రీ ఆమెకు సవతి తల్లి. 1893 జూన్‌లో జ్యూరీ రెండు గంటలైనా తీసుకోకుండా ఆమెను నిర్దోషిగా తేల్చింది. మేడలిన్ చేసినట్టు ఆమె ఊరు విడిచిపోలేదు. తండ్రి ఆస్తితో అదే ఊళ్ళో మంచి పేటలో పెద్ద ఇల్లు కొనుక్కుని అక్కతో కలిసి కాపురం పెట్టింది. విచారణ సమయంలో ఆమెను వెనకేసుకొచ్చినవారే మొహం చాటేశారు. ఆమె గొడ్డలి దెబ్బలు లెక్కపెట్టే పిల్లల పాట ఒకటి పుట్టి దేశమంతా పాకింది. 1905లో అక్క కూడా ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. 1927లో చనిపోయేదాకా లిజీ ఆ ఊళ్ళోనే ఉంది, ఆమె తరువాత తొమ్మిది రోజులకు అక్క మరో ఊళ్ళో చనిపోయింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఎక్కడుందో చూపమని అడగడమే న్యాయస్థానం చేసే పని, ఊరికి ఆ అవసరం లేదు. లిజీ చంపిందా లేదా అని వాదించిన పుస్తకాలు అరలు అరలుగా వచ్చాయి. నాకు మాత్రం ఆ హత్యల రోజు కంటే, ఆ పెద్ద ఇంట్లో అక్కచెల్లెళ్ళు రోజూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్న పన్నెండేళ్ళు ఎక్కువ ఆసక్తికరం. అక్క ఏం నమ్మింది? ఎప్పుడు నమ్మడం మానేసింది? నవల ఉన్నది అక్కడ.

ప్రశ్న: నిర్దోషికి శిక్ష పడి, చివరికి ఎవరో నిజం బయటపెట్టి విడిపించే కథలు నాకిష్టం. వాస్తవంలో కూడా రచయితలు ఇలా ఎవరినైనా విడిపించారా?

జవాబు: విడిపించారు, అయితే వాస్తవంలో దానికి పట్టే కాలాన్ని ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. 1908 డిసెంబరులో గ్లాస్గో నగరంలో ఎనభై దాటిన ఒక సంపన్న వృద్ధురాలు ఇంట్లోనే హత్యకు గురైంది, ఒక వజ్రాల బ్రూచ్ మాయమైంది. ఆస్కార్ స్లేటర్ అనే జర్మన్ యూదుడు అలాంటి నగనే తాకట్టు పెట్టాడని తెలిసి పోలీసులు అతని వెంట పడ్డారు. ఆ తాకట్టు హత్యకు ముందే జరిగిందనీ, ఆ నగ వేరనీ తేలిపోయింది. అంటే అతన్ని అనుమానించడానికి ఉన్న ఏకైక కారణం మొదట్లోనే కొట్టుకుపోయింది. అప్పటికే అమెరికా ఓడ ఎక్కిన స్లేటర్, తన నిర్దోషిత్వం మీద నమ్మకంతో తనంతట తానే తిరిగి వచ్చాడు కూడా. 1909 మేలో ఉరిశిక్ష పడింది, అమలుకు రెండు రోజుల ముందు అది యావజ్జీవంగా మారింది.

షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయల్ 1912లో ఈ కేసు మీద చిన్న పుస్తకం రాశాడు. ఫలితం లేదు. పోలీసు శాఖలోనే ఉంటూ నిజం బయట పెట్టబోయిన డిటెక్టివ్ ట్రెంచ్ 1914లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు, తాను చెప్పింది నిజమని తేలడం చూడకుండానే 1919లో చనిపోయాడు. స్లేటర్ విడుదలైనది 1927లో, పద్దెనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక. 1928లో అప్పీలు కోర్టు శిక్షను కొట్టివేసింది గాని, అతను నిర్దోషి అని కాదు, విచారణలో జడ్జి జ్యూరీకి చట్టాన్ని తప్పుగా వివరించాడన్న కారణంతో. అప్పీలు అంటే విచారణ మళ్ళీ మొదటి నుంచి జరగడం అనుకునే కథకులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఇక్కడితో ఆపితే ఇది గెలుపు కథ. ప్రభుత్వం స్లేటర్‌కు 6,000 పౌండ్ల పరిహారం ఇచ్చింది. అప్పీలు ఖర్చులు తాను భరించాను గనుక ఆ సొమ్ములోంచి తిరిగి ఇమ్మని కోనన్ డాయల్ అడిగాడు. నన్ను అన్యాయంగా జైల్లో పెట్టినవాళ్ళు కట్టాల్సిన ఖర్చు నేనెందుకు కట్టాలన్నది స్లేటర్ పక్షం. ఇద్దరూ పత్రికలకెక్కి తిట్టుకున్నారు. కాపాడినవాడికి కృతజ్ఞత కావాలి, పద్దెనిమిదేళ్ళు పోగొట్టుకున్నవాడికి కృతజ్ఞత చూపే ఓపిక లేదు. నాకు ఇందులో ఇద్దరి మీదా కోపం రాదు.

విడిపించడానికి మనిషే మిగలని కేసు మరొకటి ఉంది. తన పసిబిడ్డను చంపాడన్న నేరానికి టిమతీ ఇవాన్స్‌ను 1950 మార్చిలో లండన్‌లో ఉరి తీశారు. బోనులో నిలబడి అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ముఖ్యుడు, అదే ఇంట్లో కింది వాటాలో ఉండే జాన్ క్రిస్టీ. మూడేళ్ళ తరువాత ఆ వాటాలో స్త్రీల శవాలు బయటపడ్డాయి. ఇవాన్స్ భార్యను చంపింది కూడా తానేనని క్రిస్టీ ఒప్పుకున్నాడు, 1953లో అతన్నీ ఉరి తీశారు. ఇవాన్స్‌కు 1966లో మరణానంతర క్షమాభిక్ష లభించింది. చేయని నేరానికి క్షమించడం ఏమిటని అడిగితే చట్టం భాషలో అప్పటికి అంతకంటే మంచి మాట లేకపోయింది. అసలు హంతకుడే ప్రాసిక్యూషన్ సాక్షి అని ఎవరైనా కథ రాసి పంపితే, నమ్మశక్యంగా లేదని నేనే తిప్పి పంపి ఉండేవాణ్ణి.

ప్రశ్న: నేరం చేసినవాడి బాల్యం, ప్రేమలు, తెలివితేటలు వందల పేజీల్లో చదువుతాం. చనిపోయినవారి గురించి పేరు తప్ప ఏమీ తెలియదు. ఇది మీకు ఇబ్బందిగా అనిపించదా?

జవాబు: అనిపిస్తుంది. పై జవాబులో నేనూ అదే చేశాను: గ్లాస్గో వృద్ధురాలికి ఒక వయసు, ఒక బ్రూచ్ ఇచ్చి ముందుకు వెళ్ళిపోయాను. విచారణ నిర్మాణమే ఇందుకు కొంత కారణం. బోనులో ఉన్నవాడికి న్యాయవాది ఉంటాడు, ప్రాసిక్యూటర్ మాట్లాడేది రాజ్యం తరఫున, చనిపోయిన మనిషి మాత్రం అక్కడ ఒక వస్తుసాక్ష్యంగా మిగిలిపోతారు. పైగా ముద్దాయిని కాపాడే వాదనలో చనిపోయినవారి నడవడి మీద బురద చల్లడం పాత అలవాటు. ఆ కుటుంబం వెనక బెంచీలో కూర్చుని అదంతా వింటుంది. మంచి రచయిత కెమెరాను ఆ బెంచీ వైపు తిప్పుతాడు. తిప్పినవాళ్ళు తక్కువ.

ప్రశ్న: నా కథలో తమ్ముడు చెప్పిన సాక్ష్యం వల్ల అన్నకు పదేళ్ళ శిక్ష పడుతుంది. జడ్జి శిక్ష చదువుతుండగా అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకోవడంతో కథ ముగించాను. చదివినవాళ్ళు బాగుంది గాని ఏదో వెలితిగా ఉందంటున్నారు. విచారణ భాగాన్ని ఇంకా పెంచాలా?

జవాబు: విచారణను పెంచవలసిన అవసరం లేదు, బహుశా తగ్గించవచ్చు. రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ ఈ విషయంలో రెండు దారులూ నడిచి చూపాడు. 1880లో పూర్తయిన ‘కరమజోవ్ సోదరులు’లో ఒక పెద్ద భాగమంతా విచారణే; అసలు హంతకుడు ముందు రోజు రాత్రే ఉరిపోసుకున్నాడని పాఠకుడికి తెలుసు, న్యాయవాదులు ఇద్దరూ అద్భుతంగా వాదిస్తారు, జ్యూరీ తప్పు మనిషిని దోషి అంటుంది. అక్కడ అంత విస్తారం ఎందుకంటే, అంత తెలివైన మాటల మధ్య నిజం ఎలా జారిపోతుందో చూపడమే ఆయన ఉద్దేశం. అంతకు ముందు, 1866 నాటి ‘నేరము–శిక్ష’లో రస్కోల్నికొవ్ నేరం ఒప్పుకున్నాక విచారణ ఉపసంహారంలో కొద్ది పేరాల్లో ముగిసిపోతుంది, ఎనిమిదేళ్ళ శిక్ష అని చెప్పేసి కథ సైబీరియా చేరుతుంది. అక్కడ న్యాయస్థానం తేల్చవలసినదేమీ మిగల్లేదు.

మీ కథలోనూ తమ్ముడు చెప్పింది నిజమని పాఠకుడికి ముందే తెలుసు, కాబట్టి మీది రెండో రకం. సాక్ష్యాన్ని రెండు పేజీలకు కుదించండి. ఆ ఇద్దరికీ తల్లి ఉందని మూడో పేజీలో రాశారు, మళ్ళీ ఆమె కనిపించదు. తీర్పు రోజు సాయంత్రం ఆమె తమ్ముడికి అన్నం పెట్టిందా? మొదటి ములాఖత్‌కు ఆమె ఒక్కతే వెళ్ళిందా, అతన్ని గేటు దాకా రమ్మందా? లోపల పెద్దవాడు, వాడు ఎలా ఉన్నాడని అడిగాడా? ఆ పేజీలు రాసి, పాత ముగింపును తీసివేసి, మళ్ళీ పంపండి.